లేసు కింద కాటలాన్ సినిమా

ఆ శుక్రవారం పొద్దున్న అట్టలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగుతూ ఒక చీటీ రాయాలి, తొమ్మిది కొట్టేలోపు లైబ్రరీ గోడకు అంటించాలి, ఆ తరువాత తన జిగురు డబ్బా ముందు కూర్చుని, ఎవరి కంటా పడకుండా సాయంత్రం దాకా పాత పుస్తకాలకు అట్టలు వేసుకోవాలి. ఇంతే. ఇంత చిన్న పథకానికి కూడా కాళ్ళూ చేతులూ మొలుస్తాయని ఎవరనుకుంటారు చెప్పండి?

ఈ చీటీల ఆచారం లైబ్రేరియన్ మేడమ్ వచ్చాక మొదలైంది. అక్కడ పనిచేసే ప్రతివాళ్ళూ, వారానికొకసారి, తాము చదివినదో చూసినదో ఒకటి నలుగురికీ సిఫారసు చేస్తూ నాలుగు ముక్కలు రాసి పెట్టాలి. అట్టలాయన చేతులు బంగారం. చివికిపోయిన పుస్తకాన్ని సైతం పెళ్ళికూతుర్ని చేసి పీట మీద కూర్చోబెడతాడు. కానీ ఏడేళ్ళుగా పుస్తకాలను బయటి నుంచి చూడడమే తప్ప లోపలికి తొంగిచూసిన పాపాన పోలేదు. చీటీ మీద రాసేవన్నీ వెనక అట్ట మీది మాటలే. కిందటి నెల ఒక నవల గురించి "ముగింపు అద్భుతం, కన్నీళ్ళు ఆగవు" అని రాశాడు. ఆ నవలకు చివరి పాతిక పేజీలు లేవు. లేవన్న సంగతి, దానికి అట్ట వేసిన తనకంటే ముందు ఊరందరికీ తెలిసింది.

మేడమ్ అతన్ని పిలిచి కూర్చోబెట్టింది. "చూడండి, ఈ నెలాఖరుకి ఒక్కరినే పర్మినెంటు చెయ్యమన్నారు. మీరో, రిజిస్టరాయనో. రెండోవాళ్ళకి ఇక్కడ పని ఉండదు. మీ చేతిపని నాకు తెలుసు. కానీ ఒక్కదాన్నైనా మనసుపెట్టి చూసిన మనిషి నాకు కావాలి. ఈసారి చీటీ మీ సొంత మాటల్లో రాయండి."

రిజిస్టరాయనంటే పుస్తకాలు ఎవరు తీసుకెళ్ళారో, ఎప్పుడు తెచ్చారో రాసే ఆయన. చీమల బారులాంటి రాత. తాను ఒక్క తప్పు రాయడు, ఎదుటివాడి తప్పు ఒక్కటీ మరచిపోడు. అలాంటి వాడితో పోటీ. ఏడేళ్ళ నుంచి ఇవాళో రేపో పర్మినెంటు అవుతుందని ఇంట్లో చెబుతూ వచ్చిన అట్టలాయనకు ఇక వెనక అట్టలు చూసి రాస్తే కుదరదని అర్థమైంది.

పుస్తకమైతే నెల పడుతుంది, సినిమా అయితే గంటన్నరలో తేలిపోతుంది కదా అని, మేడమ్ స్వయంగా బీరువాలో పెట్టిన ఒక డిస్కు ఇంటికి తెచ్చుకున్నాడు. "బెరడు" అని కాటలాన్ సినిమా, ఎక్కడో పడమటి దేశంలో ఆ పేరు గల భాషది. ఎవరో చిన్న దర్శకురాలు, చిన్న ఖర్చుతో, పెద్ద కంపెనీల ప్రమేయం లేకుండా తీసినది. గురువారం సాయంత్రం భార్య కుట్టుమిషను ఆపింది, అత్తగారు జపం ఆపినంత శ్రద్ధగా కబుర్లు ఆపింది, ముగ్గురూ ముందుగదిలో టీవీ ఎదురుగా కూర్చున్నారు.

ఆ టీవీ సంగతి కూడా చెప్పాలి. దానికి నాలుగు వైపులా అత్తగారు అల్లిన లేసు ఉంది. ఎనిమిది నెలలు అల్లింది. చివర్లో నూలు మిగిలిపోతే, పారేయడానికి మనసొప్పక, కింది అంచుకు మరో నాలుగు వరసలు కలిపి, గంజి పెట్టి, కుచ్చుల్ని నిటారుగా నిలబెట్టింది. కింది నుంచి తెర మీదికి నాలుగు వేళ్ళ మేర అది పైకి లేచి ఉంటుంది. దాన్ని కదపడమంటే ఆవిడ మనసు కదపడమే కాబట్టి రెండేళ్ళుగా దుమ్ము కూడా మర్యాదగా ఊది తీస్తున్నారు.

సినిమా మొదలైంది. ఒక ముసలావిడ చెట్టుకు బెరడు ఒలుస్తోంది. ఒలిచింది. మళ్ళీ ఒలిచింది. పావుగంట ఎవ్వరూ నోరు విప్పలేదు. ఎండ ఆకుల మీద కదిలింది. దానితోపాటే అట్టలాయన తల కూడా మెల్లగా పక్కకు కదిలింది. మళ్ళీ అతను కళ్ళు తెరిచేసరికి తలకింద దిండు ఉంది, టీవీ ఆగిపోయి ఉంది, ఎవరో దుప్పటి కప్పారు.

అందుకని ఈ శుక్రవారం పొద్దున్న కాఫీ గ్లాసుతో వంటింటి గడప దగ్గర కూలబడ్డాడు. అత్తగారు బెండకాయలు తరుగుతోంది.

"అత్తయ్యగారూ, నిన్నటి సినిమా చివరికి ఏమైంది?"

"ఏం చెప్పమంటారు బాబూ! గుండె పిండేశారు. పాపం, ఆ తల్లి."

"ఏ తల్లి?"

"ఆ ముసలావిడే. బెరడు కోసి సీసాలకి బిరడాలు చేసే కార్ఖానా లేదూ, ఆవిడది. తోలుసంచీ పట్టుకుని ఒకడొస్తాడు చూడండి, నిగనిగలాడే బూట్లేసుకుని. వాడు ఆవిడ కొడుకు. వాడికి తెలీదు. ఆవిడకి తెలుసు. చెప్పదు."

"చెప్పదని మీకెలా తెలుసు?"

"చెబితే వాడు అట్లా గడియారం చూసుకుంటూ కూర్చుంటాడా?"

అట్టలాయనకు ఇది సబబుగానే తోచింది. పెన్ను తీశాడు. "ఊఁ, తరవాత?"

"తరవాతేముంది, రొట్టె కోసింది. మొదటి ముక్క వాడికి. కత్తి కింద పెట్టి, చెయ్యి ఒంటికేసి తుడుచుకుని మరీ ఇచ్చింది. వాడి భుజం మీద బెరడు పొట్టు పడితే తియ్యబోయి, చెయ్యి వెనక్కి లాక్కుంది. అక్కడ నేను ఏడ్చాను. అంత మంచి టమాటా చేతిలో పెట్టుకుని, కూర చెయ్యకుండా రొట్టెకి రుద్దేసింది, అక్కడ ఇంకా ఏడ్చాను."

మిషను మీది నుంచి భార్య నవ్వింది. "మా అమ్మకి ఏ భాషా రాదు. అందుకని అన్ని భాషలూ అర్థమవుతాయి."

"నువ్వు చూడలేదుటే?"

"మీ గురక నడుమ ఏం చూస్తాను? లేచి వెళ్ళి పడుకున్నాను."

చీటీ తయారైంది. "బెరడు: కాటలాన్ సినిమా. కొడుకని తెలిసీ కొడుకా అని పిలవలేని తల్లి కథ. ఆవిడ వాడికి రొట్టె మొదటి ముక్క కోసి పెట్టేచోట రాయి కూడా కరుగుతుంది. తప్పక చూడండి." ఏడేళ్ళలో మొదటిసారి వెనక అట్ట చూడకుండా రాసిన చీటీ. తొమ్మిదికి పది నిమిషాల ముందే గోడకెక్కింది.

తొమ్మిదింబావుకి మేడమ్ ఆ గోడ ముందు ఆగింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది. తరువాత నేరుగా జిగురు డబ్బా దగ్గరికి వచ్చింది.

"మీరు నిజంగా చూశారా?"

"చూశానండి. పావుగంటయ్యేసరికి ఈ లోకంలో లేను."

అబద్ధం చెప్పలేదు, గమనించండి.

మేడమ్ ముఖం వెలిగింది. "మరి తెర కింద పడే తెలుగు అక్షరాలు ఎలా ఉన్నాయి? మొహమాటపడకండి. నేనే రాశాను. ఆ దర్శకురాలి దగ్గర అనుమతి తీసుకుని, ఇంగ్లీషులోంచి, రెండేళ్ళు ప్రతి సెలవురోజూ కూర్చుని, ఒక్కొక్క మాట. తప్పులున్నాయా?"

అట్టలాయన చేతిలోని కుంచె జిగురులో ములిగి అక్కడే ఉండిపోయింది. అక్షరాలా? ఏ అక్షరాలు? "ఒక్క తప్పు కూడా నా కంట పడలేదండి" అన్నాడు. ఇదీ నిజమే.

"అమ్మయ్య! మరి ఈ కొడుకెవరు? నేను ఎక్కడా కొడుకు అన్న మాటే రాయలేదే. అతను కార్ఖానా కొనడానికొచ్చాడు. ఇరవై మూడో నిమిషంలో తన నోటితో తనే చెబుతాడు."

కుడితిలో పడ్డ ఎలుకకు ఒడ్డు ఏ వైపో తెలియదు, అయినా ఈదుతుంది. అట్టలాయన కూడా అట్లాగే ఈదాడు. "మాటల్లో లేదు మేడమ్," అని కుంచెను జిగురులోంచి పైకి లాగి, "మౌనంలో ఉంది," అన్నాడు.

ఆ మాట ఎక్కడి నుంచి ఊడిపడిందో అతనికే తెలియదు. ఏ వెనక అట్ట మీదో చదివి ఉంటాడు. మేడమ్ మాత్రం రెండు అడుగులు వెనక్కి వేసి, బల్ల పట్టుకుని, అతన్ని కొత్తగా వచ్చిన పుస్తకాన్ని చూసినట్టు చూసింది.

"మౌనంలో ఉంది!" అంది. "ఐదుసార్లు చూశాను నేను. నాకు తట్టలేదు. రేపు సాయంత్రం హాల్లో సినిమా వేద్దాం. కాటలాన్ సినిమాల మీద మీరే మాట్లాడాలి."

"నేనా?"

"ఇంకెవరు? ఆ దర్శకురాలికి కూడా రాస్తాను, ఇలాంటి చూపున్న మనిషి మా దగ్గర ఉన్నాడని." అతను తిరిగి తెచ్చిన డిస్కు కూడా తానే తీసేసుకుంది, ఆ మౌనం ఎక్కడుందో మళ్ళీ చూడాలని.

అవతల బల్ల దగ్గర రిజిస్టరాయన తల ఎత్తాడు. "ఏమోయ్, చూశావా, ఎవరిచేతైనా చూసిపెట్టించుకున్నావా?" అన్నాడు. "ఇరవై మూడో నిమిషం నేను కూడా చూసుకుంటాను. మేడమ్, ఆ డిస్కు మీ తరవాత నాకు."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళగానే అట్టలాయన చెప్పులు కూడా విడవకుండా టీవీ ముందు నిలబడ్డాడు. అట్టలు కొలిచే ఇనుప స్కేలు జేబులోంచి తీసి, దానితో లేసు కింది కుచ్చును మెల్లగా కిందికి వంచాడు. వార్తలు వస్తున్నాయి. కుచ్చు వెనక నుంచి అక్షరాలు బారులు తీరి పరుగెత్తుతున్నాయి.

భార్య మిషను ఆపేసింది. "అయితే రెండేళ్ళుగా కింద కూడా వార్తలు పోతున్నాయా!"

"పోనియ్యవే," అంది అత్తగారు. "పైన చెప్పేవే ఎక్కువయ్యాయి."

"అత్తయ్యగారూ! ఆ తోలుసంచీ మనిషి కొడుకు కాదుట. కార్ఖానా కొనడానికొచ్చాడుట. కింద రాసి ఉందిట!"

"ఎవరు రాశారు?"

"మా మేడమ్."

"ఆవిడ ఆ ముసలావిడకి ఏమవుతుంది?"

"ఏమీ అవదు!"

"మరింకేం? కొనడానికొచ్చినవాడికి ఎవరన్నా చెయ్యి తుడుచుకుని మొదటి ముక్క పెడతారా బాబూ? నాకు అక్షరాలు రావుగానీ, పెట్టే చెయ్యి తెలీదా?"

"అత్తయ్యగారూ, నా ఉద్యోగం పోతుంది."

ఆవిడ బుగ్గన చెయ్యి పెట్టుకుని ఆలోచించింది. "అయితే రేపు నేనూ వస్తాను," అంది. ఇది గోరుచుట్టు మీద రోకటిపోటని అట్టలాయనకు అప్పుడే అనిపించింది, కానీ అత్తగారిని రావద్దనే ధైర్యం ఏ అల్లుడికి ఉంటుంది?

ఆ మిగిలిన పూట ఒక పాత పత్రిక తిరగేసి కాటలాన్ సినిమాల మీద మూడు ముక్కలు బట్టీపట్టాడు. ఒకటి, కాటలాన్ అనేది దాని పాటికి అది వేరే భాష, పక్కనున్న పెద్ద భాషకు యాస కాదు. రెండు, ఒకప్పుడు చాలా ఏళ్ళు పాలకులు ఆ భాషను బళ్ళలోనూ తెరమీదా అణిచిపెట్టారు. మూడు, ఇప్పుడు అక్కడి కొత్త దర్శకులు, వాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది, నటులు కానివాళ్ళనే తెచ్చి, వాళ్ళ ఇళ్ళల్లోనే, సహజమైన వెలుతురులో సినిమాలు తీస్తున్నారు. ఈ "సహజమైన వెలుతురు" అన్న మాట అతనికి తెగ నచ్చింది. ఎక్కడ పెట్టినా అతుక్కుంటుంది, మంచి జిగురులాగా.

శనివారం పొద్దున్నే వెళ్ళి మేడమ్‌తో ఉన్నదున్నట్టు చెప్పేద్దామనుకున్నాడు. వెళ్ళేసరికి ఆవిడ నిచ్చెన మీద ఉంది. గోడ నుంచి గోడ దాకా గుడ్డ కడుతోంది. దాని మీద మూరెడేసి అక్షరాలు: మాటల్లో లేదు, మౌనంలో ఉంది.

"మేడమ్, ఒక్క మాట..."

"మాటలు సాయంత్రం! ఆ సుత్తి అందుకోండి. విన్నారా, దర్శకురాలు జవాబు రాసింది. సినిమా అయ్యాక తెర మీద కనపడి మనతో మాట్లాడుతుందిట. మీ మాటలు వినాలని ఆత్రంగా ఉందిట."

అట్టలాయన సుత్తి అందుకున్నాడు. దానితో తన నెత్తిన కొట్టుకోవడం తప్ప అన్నీ చేశాడు.

సాయంత్రానికి హాలు నిండింది. రోజూ పేపరు కోసం వచ్చే ముసలివాళ్ళు, పరీక్షల కోసం చదివే పిల్లలు, ఫ్యాను కింద కూర్చోవడానికి వచ్చేవాళ్ళు, అందరూ వచ్చారు. మూడో వరసలో అత్తగారు, ఇస్త్రీ చీర కట్టుకుని, పక్కన కూతురు. మొదటి వరసలో రిజిస్టరాయన, ఒళ్ళో నోటుబుక్కు.

అట్టలాయన లేచి మూడు ముక్కలూ ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాడు. భాషను అణిచిపెట్టారన్న చోట మూడో వరస నుంచి గొంతు వచ్చింది. "అయ్యో, మరి ఇన్నేళ్ళూ వాళ్ళు ఎక్కడ మాట్లాడుకున్నారు బాబూ?"

ఇది పత్రికలో లేదు. మేడమే జవాబిచ్చింది. "వంటిళ్ళల్లో మాట్లాడుకున్నారండీ. అందుకేనేమో వాళ్ళ సినిమాల్లో సగం వంటింట్లోనే జరుగుతాయి."

"అదీ!" అని అత్తగారు తృప్తిగా సర్దుకు కూర్చుంది.

సినిమా వేశారు. అట్టలాయన మొదటిసారి ఆ సినిమా మొత్తం చూశాడు. బెరడు తొమ్మిదేళ్ళకొకసారి ఒలుస్తారని, ఒలిచినా చెట్టు చావదని అప్పుడే తెలిసింది. ఇరవై మూడో నిమిషం వచ్చింది. తోలుసంచీ మనిషి కూర్చున్నాడు, నోరు విప్పాడు. కింద, మేడమ్ చక్కని తెలుగులో, "నేను ఈ కార్ఖానా కొనడానికి వచ్చాను" అని పడింది. రిజిస్టరాయన వెనక్కి తిరిగి అట్టలాయన వైపు ఒక చూపు చూశాడు. పెళ్ళివిందులో పూర్ణం మీద మొదటి నెయ్యి పడ్డవాడి చూపు అది.

దీపాలు వెలిగాయి. తెర మీద దర్శకురాలు కనపడింది. పొట్టి జుట్టు, నవ్వు ముఖం, వెనక వంటిల్లు. అక్కడ అప్పుడు ఇంకా మధ్యాహ్నమేనట. మేడమ్ నడుమ నిలబడి అటు మాటలు ఇటు, ఇటు మాటలు అటు చేరవేస్తోంది.

రిజిస్టరాయన లేచాడు. "చిన్న సందేహం. ఇరవై మూడో నిమిషంలో అతను కొనడానికి వచ్చానని చెప్పాడు. నలభై ఒకటిలో మళ్ళీ చెప్పాడు. అరవయ్యో నిమిషంలో కాగితం మీద సంతకం కూడా అయింది. మరి మా అట్టలాయనకు ఇందులో కొడుకు ఎక్కడ కనపడ్డాడో?"

హాలంతా అట్టలాయన వైపు తిరిగింది.

"అది... సహజమైన వెలుతురులో..."

"వెలుతురులో కొడుకు కనపడ్డాడా?"

జనం కిసుక్కుమన్నారు. అప్పుడు మూడో వరసలో ఇస్త్రీ చీర పైకి లేచింది.

"ఏం నాయనా, నీకు కనపడలేదా? చెయ్యి తుడుచుకుని ఇచ్చింది కదా. భుజం మీద పొట్టు తియ్యబోయి మానేసింది కదా."

"పెద్దమ్మగారూ, కింద రాసి ఉంది."

"రాసేవాళ్ళదేముంది నాయనా, కూర్చుని ఎన్నైనా రాస్తారు!"

మేడమ్ ముఖం ఎర్రబడింది. "ఏమండీ, అవి నేను రాశాను. రెండేళ్ళు పట్టింది."

"నీ రాతకి వంక పెట్టానా తల్లీ? నోటితో అన్నవి నువ్వు రాశావు. చేత్తో అన్నవి ఎవరు రాస్తారు?"

అట్టలాయన బల్ల కిందికి చూస్తున్నాడు, మనిషి పట్టేంత చోటుందా అని. తెర మీద దర్శకురాలు ఇక్కడేదో పోట్లాట జరుగుతోందని గ్రహించి, ఏమిటని అడిగింది. మేడమ్ తప్పనిసరై అంతా చెప్పింది: ఒక పెద్దావిడ, అతను కొనడానికి రాలేదు, కొడుకే అంటోందని.

దర్శకురాలి నవ్వు ఆగిపోయింది. కుర్చీ వెనక్కి తోసి లేచి వెళ్ళిపోయింది. తెర మీద ఖాళీ కుర్చీ, ఒక గోడ గడియారం మిగిలాయి.

"అయిపోయింది," అన్నాడు రిజిస్టరాయన. "మనుషులు కష్టపడి సినిమా తీస్తే ఇట్లాగా అవమానించడం?"

మేడమ్ తాను కట్టిన గుడ్డ వైపు చూసి, నిచ్చెన ఎక్కడుందా అని వెతుక్కుంటున్నట్టు అటూ ఇటూ చూసింది. అట్టలాయన మనసులోనే జిగురు డబ్బా మూత పెట్టేశాడు, స్కేలూ కత్తెరా సర్దేశాడు, ఏడేళ్ళ బల్లకు చివరిసారి తుడుపు కూడా పెట్టేశాడు.

ఇంతలో తెర మీద అలికిడి. దర్శకురాలు వచ్చింది. ఒక ముసలావిడను జబ్బ పట్టుకుని లాక్కొస్తోంది. ఆవిడ చేతిలో తడిగుడ్డ, ముఖం నిండా విసుగు. హాలంతా ఒక్కసారిగా ఊపిరి లోపలికి లాక్కుంది. సినిమాలో ముసలావిడే! దర్శకురాలికి మేనత్తట. నిజంగానే బెరడు పని చేసిన మనిషి, నటి కాదు.

మేనత్త ఏదో గొణిగింది. దర్శకురాలు ఏదో అడిగింది. మేనత్త భుజాలెగరేసి, గుడ్డ చంకన పెట్టుకుని, గడగడా చెప్పుకుపోయింది. వింటున్నకొద్దీ దర్శకురాలి నోరు తెరుచుకుంది. చివరికి దర్శకురాలు ఇంగ్లీషులో చెప్పింది, మేడమ్ తెలుగులో చెప్పబోయి, ఆగి, మంచినీళ్ళు తాగి చెప్పింది.

"ఆవిడ అంటోందీ... 'అతను కొనడానికి వచ్చాడు, రొట్టె కోసి పెట్టు, అన్నారు నన్ను. కొనడానికి వచ్చినవాడికి నేనెందుకు పెడతాను? నాకు చెయ్యి కదల్లేదు. అందుకని నా మటుకు నేను వాడు నా కొడుకే అనుకున్నాను. వాడికి తెలియదు అనుకున్నాను. అప్పుడు కదిలింది. సినిమా అంతా అట్లాగే చేశాను.' ఈ సంగతి దర్శకురాలికే ఇప్పటిదాకా తెలియదుట. ఎందుకు చెప్పలేదూ అంటే, ఎవరూ అడగలేదుగా అంటోంది."

హాలు హోరెత్తిపోయింది. పేపరు ముసలివాళ్ళు లేచి నిలబడ్డారు. అత్తగారు అప్పటికే తెర దగ్గరికి నడిచి వెళ్ళిపోయింది. ఇద్దరు ముసలమ్మలూ ఎదురెదురుగా, ఒకరి భాష ఒకరికి ఒక్క ముక్క రాకుండా, చేతులతోనూ కళ్ళతోనూ ఏవేవో చెప్పేసుకుంటున్నారు. మేడమ్ నడుమ దూరబోతే ఇద్దరూ ఒకేసారి ఆగమని చెయ్యి చూపించారు.

ఒక్కదానికి మాత్రం అత్తగారికి సాయం కావలసివచ్చింది. "తల్లీ, ఇదొక్కటీ అడిగి పెట్టు. అంత మంచి టమాటా కూర చెయ్యకుండా రొట్టెకి ఎందుకు రుద్దేసింది?"

ప్రశ్న వెళ్ళింది, జవాబు వచ్చింది. "మా దగ్గర అందరం అట్లాగే తింటాం. అయినా కూర చేస్తూ కూర్చుంటే, ఈలోపు వాడు వెళ్ళిపోడూ?"

అత్తగారు తల ఊపింది. చాలాసేపు ఊపింది. "నిజమేనమ్మా," అంది.

మేడమ్ కళ్ళు తుడుచుకుని జనం వైపు తిరిగింది. "ఈ సినిమా ఎన్నో దేశాల్లో ఆడింది. ఎందరో రాశారు, ఎందరో మాట్లాడారు. ఈ సంగతి పట్టుకున్నది మాత్రం మన అట్టలాయన ఒక్కడే!"

చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొడుతున్నది అత్తగారే. అట్టలాయన ఆ చప్పట్ల వైపు చూశాడు, ఆ చేతుల వైపు చూశాడు. పర్మినెంటు ఉద్యోగం గుమ్మంలోకి వచ్చి లోపలికి రానా అన్నట్టు నిలబడింది. ఎందుకో ఆ ముసలావిడలాగే అతనికీ చెయ్యి కదల్లేదు.

"నేను పట్టుకోలేదండీ," అన్నాడు. "నేను... ఆ వేళ... నిద్ర..."

"ఆయన్నేమీ అనకమ్మా," అని అత్తగారు అడ్డుపడింది. "పొద్దస్తమానం జిగురుతో కుస్తీ పట్టి వస్తారు. పావుగంటకే కన్నంటుకుంది. దిండు పెట్టింది నేనే."

ఇక దాచేదేముంది? లేసు సంగతీ, గంజి సంగతీ, స్కేలు సంగతీ మొత్తం బయటికొచ్చింది. మేడమ్ రెండు చేతులూ నడుముకు పెట్టుకుంది. "నా అక్షరాల మీద... రెండేళ్ళ నా అక్షరాల మీద... లేసు కప్పారా?"

"మంచి నూలు తల్లీ," అంది అత్తగారు.

రిజిస్టరాయన నోటుబుక్కు మూశాడు. "అదే నేను చెబుతున్నది మేడమ్. నేను ఒక్క అక్షరం వదలకుండా చదివాను."

"చాలా సంతోషం. ఆవిడ రొట్టె ఇచ్చే ముందు ఏం చేసింది?"

రిజిస్టరాయన నోటుబుక్కు తెరిచాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "ముఖాలూ చేతులూ చూసే తీరిక ఎక్కడిదండీ? అక్షరాలు ఆగవు కదా."

మేడమ్ ఆయన వైపు చూసింది. తరువాత తాను కట్టిన గుడ్డ వైపు చూసింది. పెదవి కొసన మొదలైన నవ్వు ముఖమంతా పాకి, చివరికి నిచ్చెనకు ఆనుకుని నవ్వాల్సి వచ్చింది. ఎందుకు నవ్వుతున్నారని దర్శకురాలు అడిగింది, చెప్పారు. ఆవిడ నవ్వింది, మేనత్తకు చెప్పింది. మేనత్త మాత్రం నవ్వలేదు. ఆ లేసు ఏ కుట్టో అడగమంది.

సోమవారం నాడు ఉత్తర్వు వచ్చింది. అట్టలాయన ఉద్యోగం పర్మినెంటు. "నిద్రపోయానని అందరి ముందూ చెప్పిన మనిషి, ఇక మీద ముగింపు లేని పుస్తకాలకి ముగింపు అద్భుతం అని రాయడు," అంది మేడమ్. కింద మాత్రం తన చేత్తో ఒక షరతు రాసింది: ప్రతి శనివారం అత్తగారిని వెంటబెట్టుకుని రావాలి. రిజిస్టరాయన రాత మీద ముచ్చటపడి ఆ పక్క వీధి లైబ్రరీ శాఖవాళ్ళు ఆయన్ను తీసుకున్నారు. వెళ్ళే రోజు గడప దగ్గర ఆగి, "పెద్దమ్మగారిని అడిగి మా టీవీకి కూడా ఒకటి అల్లించి పెట్టవయ్యా," అన్నాడట, కొంచెం సిగ్గుపడుతూనే.

ఆ వారం నుంచి హాల్లో ప్రతి సినిమా రెండుసార్లు వేస్తున్నారు, ఒకసారి మేడమ్ అక్షరాలతో, ఒకసారి తెర కింద గంజి పెట్టిన లేసుతో. గోడ మీద శుక్రవారం చీటీ ఇప్పటికీ తొమ్మిదికి పది నిమిషాల ముందే పడుతోంది. రాత అల్లుడిది, వేలిముద్ర అత్తగారిది.